అద్దం ఎక్కట్లేదు, రూఫ్ కారుతోంది: పాత కార్ల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

రోహిణి ఎండలు పోయి మృగశిర వచ్చిందో లేదో ఈ పేజీకి వచ్చే ఉత్తరాలు మొత్తం మారిపోయాయి, మొన్నటిదాకా ఏసీ చల్లగా రావట్లేదన్నవాళ్లే ఇప్పుడు అద్దం పైకి ఎక్కట్లేదు, సీటు తడిసింది, కార్లో బూజు వాసన అని రాస్తున్నారు. చాలావరకు పదేళ్లు దాటిన కార్లే. అందుకే ఈ నెల పేజీ మొత్తం పవర్ విండోలకీ సన్‌రూఫ్‌లకీ ఇచ్చేశా. ఇంచుమించు ప్రతి ఉత్తరంలోనూ "మోటార్ మార్చాలంటున్నారు", "సెట్టు మొత్తం మార్చాలంటున్నారు" అని ఉంది, అది చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. పాతికేళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పనిలో ఉన్నా, మోటార్ పోయిందని నా దగ్గరకి వచ్చిన కార్లలో చాలావాటికి మోటార్ బానే ఉండేది, దాన్ని ఆపుతున్నది వేరే ఏదో ఉండేది. అదేంటో చూడకుండా వేలకి వేలు పెట్టకండి.

ప్రశ్న: నమస్తే అండీ, మాది హనుమకొండ, నేను టీచర్‌ని. మా కారు 2008 మోడల్ చిన్న కారు, కొన్నప్పట్నుంచీ మా చేతిలోనే ఉంది. డ్రైవర్ వైపు అద్దం కిందకి సర్రున దిగుతుంది గానీ పైకొచ్చేటప్పుడు సగంలో ఆగిపోతుంది, ఒక చేత్తో అద్దాన్ని పట్టి లాగుతూ ఇంకో చేత్తో స్విచ్ నొక్కితే ఎక్కుతుంది. రెండు మూడు సార్లు వెంటవెంటనే దించి ఎత్తితే ఇక అసలు పనిచేయదు, పది నిమిషాలు పోయాక మళ్లీ మామూలే. మెకానిక్ మోటార్ పోయిందన్నాడు. మావారు కొబ్బరినూనె రాస్తే రెండు వారాలు బాగా తిరిగింది, తర్వాత ముందుకంటే టైట్ అయ్యింది. మోటార్ మార్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు మేడమ్. పది నిమిషాలాగితే మళ్లీ పనిచేస్తోంది అని రాశారు చూడండి, అందులోనే సగం జవాబు ఉంది. విండో మోటార్ లోపల వేడెక్కితే కరెంట్ ఆపేసే చిన్న ఏర్పాటు ఒకటి ఉంటుంది, మోటార్ మీద బరువు ఎక్కువ పడి వేడెక్కగానే అది కట్ చేస్తుంది, చల్లారాక మళ్లీ కలుపుతుంది. అంటే మీ మోటార్ బతికే ఉంది, శక్తికి మించి నెట్టి నెట్టి అలసిపోతోంది అంతే. మామూలుగా అద్దం ఎత్తడానికి ఇలాంటి మోటార్ 5 నుంచి 10 ఆంపియర్లు తీసుకుంటుంది, అద్దం ఇరుక్కుపోతే 20 దాటిపోతుంది, ఆ వేడి అక్కడిదే.

ఇక ఎందుకు ఇరుక్కుంటోంది అంటే, అద్దానికి రెండు పక్కలా పైనా ఒక నల్ల రబ్బరు గాడి ఉంటుంది కదా, దాన్ని చానల్ అంటాం, ఆ గాడి లోపల వేలు పెట్టి తడిమితే మఖమల్ బట్టలాంటి సన్నటి నూగు తగలాలి, అద్దం జారేది ఆ నూగు మీదే. పదిహేనేళ్లకి పైగా మన ఎండలో నిలబడిన కారుకి ఆ నూగు అరిగిపోయి, రబ్బరు గట్టిపడి, లోపల దుమ్ము అట్టకట్టి ఉంటుంది. దిగేటప్పుడు అద్దం బరువు కిందకే లాగుతుంది కాబట్టి తెలీదు, ఎక్కేటప్పుడు ఆ బరువూ ఈ రాపిడీ రెండూ మోటార్ మీదే పడతాయి.

ఇది అవునో కాదో తేల్చుకోవడానికి రూపాయి ఖర్చు లేని పరీక్ష ఉంది. అద్దం పూర్తిగా దించి, షాంపూ కలిపిన నీళ్లు రెండు వైపులా చానల్లో బాగా పట్టించి, ఇంజన్ ఆన్ చేసి స్విచ్ నొక్కండి. అద్దం జుయ్యిమని ఎక్కేసిందా, ఇక మోటార్ జోలికి పోకండి, తప్పు చానల్‌దే.

శుభ్రం చేసే పద్ధతి ఇది. పాత బనియన్ గుడ్డ ఒక పొర ప్లాస్టిక్ స్కేలుకి చుట్టి, షాంపూ నీళ్లలో ముంచి గాడిలో పైనుంచి కిందదాకా లాగండి, మొదటిసారి గుడ్డ మీద నల్లటి బురద వస్తుంది, గుడ్డ మార్చి మార్చి అది తెల్లగా వచ్చేదాకా లాగాల్సిందే, అరగంట పడుతుంది. తర్వాత బాగా ఆరనిచ్చి సిలికాన్ స్ప్రే కొట్టండి, డబ్బాతో ఇచ్చే సన్నటి గొట్టం పెట్టి గాడిలోకే పడేట్టు కొట్టాలి, ఐదారు సార్లు అద్దం దించి ఎత్తి, అద్దం మీద అంటిన జిడ్డు పొడిగుడ్డతో తుడిచేయండి. ముందు అద్దం మీదా పెడల్స్ మీదా మాత్రం పడనివ్వొద్దు.

కొబ్బరినూనె గురించి, మీవారు మంచి మనసుతోనే రాశారు, రాసిన రోజు పనిచేస్తుంది కూడా, కానీ నూనె తడి మీద దుమ్ము వాలి వాలి పిండిలా ముద్దకడుతుంది, మీకు రెండు వారాల తర్వాత టైట్ అయ్యింది అందుకే. గ్రీజు, ఇంజనాయిల్, కిరోసిన్ ఇవి ఇంకా చెడ్డవి, రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడైపోతుంది. తుప్పు వదిలించే స్ప్రే కూడా చాలామంది ఇక్కడ కొట్టేస్తారు, అది బోల్టులకి మంచిదే, రబ్బరుకి కాదు, డబ్బా మీద సిలికాన్ అని రాసి ఉన్నదే కొనండి.

మొన్న వేసవిలో ఇలాంటి కారే ఒకటి వచ్చింది, చానల్ శుభ్రం చేసినా ఒక చోట పట్టేస్తోంది. టార్చ్ పెట్టి చూస్తే అద్దం అంచు పొడవునా వేలెడు వెడల్పున జిగురు చార ఉంది, 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్మ్‌లు వద్దన్నాక అందరం పీకించేశాం కదా, ఈ కారుకి ఫిల్మ్ పీకినవాళ్లు రబ్బరు లోపల ఉండిపోయిన అంచు వదిలేశారు, ఆ జిగురు ఎండకి కరిగి కరిగి చానల్‌కి అంటుకుపోతోంది. బ్లేడుతో గీకేస్తే అయిపోయింది. మీ అద్దం అంచు కూడా ఒకసారి చూస్కోండి.

రబ్బరు పగుళ్లొచ్చి కుంచించుకుపోయి ఉంటే మాత్రం శుభ్రం చేసి లాభం లేదు, చానల్ మార్చాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ విజయవాడ ఆటోనగర్‌లో గానీ మోడల్ చెప్తే దొరుకుతుంది, పాత ముక్క తీసుకెళ్లి మూల వంపు కలుస్తోందో లేదో పక్కపక్కన పెట్టి చూడండి, మీటర్ల లెక్కన అమ్మేది కోసి పెడతానంటే ఒప్పుకోవద్దు, మూలల్లో సరిగా కూర్చోదు.

ఇవన్నీ చేశాక కూడా నెమ్మదిగానే ఉంటే అప్పుడు డోర్ ప్యాడ్, అంటే డోర్‌కి లోపలివైపు బిగించిన అట్ట, విప్పించండి. మోటార్ తిరుగుతున్న చప్పుడొస్తూ అద్దం కదలట్లేదంటే మెషిన్ పోయినట్టు, అంటే డోర్ లోపల అద్దాన్ని ఎత్తే ఏర్పాటు, కొన్ని కార్లకి అది కత్తెరలా తెరుచుకునే ఇనుప చేతులు, కొన్నిటికి కేబుల్. కేబుల్ రకం అయితే కటకటమని చప్పుడు ముందే వస్తుంది, లోపల ప్లాస్టిక్ క్లిప్పులు విరిగినప్పటి చప్పుడది. అసలు ఏ చప్పుడూ లేదు, స్విచ్ నొక్కినప్పుడు కారు లోపలి లైటు కొంచెం కూడా డల్ అవ్వట్లేదు అంటే మోటార్‌దాకా కరెంటే రావట్లేదని, అప్పుడు ఫ్యూజు, స్విచ్, వైరు చూడాలి. లైటు డల్ అయ్యి అద్దం కదలకపోతే కరెంట్ వస్తోంది, లోపల ఎక్కడో బిగుసుకుంది.

ప్రశ్న: అన్నా, ఖమ్మం నుంచి. మా కారు వెనక ఎడమ అద్దం ఆ డోర్ మీదున్న స్విచ్‌తో పనిచేస్తుంది, డ్రైవర్ దగ్గరున్న స్విచ్‌తో పనిచేయదు. ఒక్కోసారి గట్టిగా నొక్కితే పనిచేస్తుంది.

జవాబు: తమ్ముడూ, మోటారూ బానే ఉంది మెషినూ బానే ఉంది, డ్రైవర్ డోర్ మీదున్న స్విచ్ బోర్డులో ఆ ఒక్క స్విచ్ కాంటాక్టులు మాడి ఉంటాయి. గట్టిగా నొక్కితే పనిచేస్తోంది అన్నావంటే ఇంక అనుమానం అక్కర్లేదు. బోర్డు ఊడదీసి, వెనక సాకెట్ లాగి, బోర్డు పైమూత క్లిప్పులు జాగ్రత్తగా విప్పితే రాగి పలకలు కనిపిస్తాయి, వాటి మీద బొగ్గు పట్టినట్టు నల్లగా ఉంటుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మెత్తటి బ్రష్‌తో తుడువు, కోఠీ గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఎక్కడైనా దొరుకుతుంది. ఎమరీ పేపర్ పెట్టి రుద్దకు, పైపూత పోతే నెలలోపే మళ్లీ మాడుతుంది. విప్పేటప్పుడు లోపల చిన్న స్ప్రింగులు ఎగిరిపోతాయి, కింద తెల్లగుడ్డ పరుచుకొని కూర్చో.

నీదాంట్లో ఈ సమస్య కాదు గానీ ఇది చదివే వేరేవాళ్ల కోసం చెప్తున్నా, డోర్ తీసి వేసే కొద్దీ కీళ్ల దగ్గరున్న రబ్బరు గొట్టం లోపల వైర్లు వంగి వంగి తెగుతాయి. డోర్ కొంచెం తెరిచి పట్టుకుంటే అద్దం పనిచేసి, మూస్తే పనిచేయట్లేదంటే అక్కడే చూడండి.

ప్రశ్న: సర్, మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు మా కారు సీట్లదాకా మునిగింది. ఇంజన్, సీట్లు, వైరింగ్ అన్నీ చేయించాం, కారు నడుస్తోంది. కానీ నాలుగు అద్దాలూ గరగరమంటూ ఎక్కుతున్నాయి, వాన పడ్డ మర్నాడు డోర్ వేస్తే లోపల నీళ్లు కదిలిన చప్పుడు. ఒక డోర్ మోటార్ మార్పించాం, మార్చినప్పట్నుంచీ ఆ డోర్ పక్కన కార్పెట్ తడుస్తోంది, అంతకుముందు తడిసేది కాదు.

జవాబు: ఆ వరదలో ఎంతమంది ఇళ్లూ వాకిళ్లూ పోగొట్టుకున్నారో తెలుసు, కారు మిగిలింది కాబట్టి దాన్ని చివరిదాకా బాగు చేసుకుందాం.

ముందు ఒకటి తెలియాలి, డోర్ లోపలికి నీళ్లు పోవడం తప్పు కాదు. అద్దం బయటివైపు అంచున ఉన్న బీడింగ్ నీళ్లని తుడుస్తుంది గానీ ఆపదు, ప్రతి వానకీ కొన్ని నీళ్లు డోర్ లోపలికి దిగుతాయి, దిగి అడుగు అంచున ఉన్న రెండు మూడు సన్నటి రంధ్రాల్లోంచి బయటకి పోతాయి, కారు తయారు చేసినప్పుడే అలా చేశారు. మీ డోర్లలో వరద ఒండ్రు దిగి అడుగున పేరుకుని ఆ రంధ్రాలు మూసేసింది. నీళ్లు కదిలిన చప్పుడు అదే. అలా నిలవుంటే డోర్ లోపలినుంచి తుప్పు పట్టి, అడుగున పెయింట్ బుడగలు లేస్తుంది, అప్పుడు టింకరింగ్ దాకా పోతుంది.

రేపే చేయండి, డోర్ తెరిచి, అడుగున అంచు వెంట వేలు పోనిచ్చి రంధ్రాలు వెతికి, కొబ్బరి ఈనె పెట్టి కిందనుంచి మెల్లగా కెలకండి. మొదట ఏమీ రాదు, రెండు మూడు సార్లు తిప్పాక ఒక మట్టి ముక్క ఊడి, వెనకాలే టీ రంగు నీళ్లు చాలాసేపు కారతాయి, చెంబెడు వచ్చినా ఆశ్చర్యపోకండి.

తర్వాత డోర్ ప్యాడ్ విప్పించాలి. విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయమనండి. మోటార్‌కి ప్లాస్టిక్ కవర్ కట్టి, తక్కువ ధారలో పైపు నీళ్లతో లోపల ఒండ్రు అంతా కిందకి కడగాలి, ప్రెషర్ వాషర్ పెట్టనివ్వకండి, ఆ ధారకి కనెక్టర్లలోకి, మోటార్ సీళ్లలోకి నీళ్లు దూరతాయి. మెషిన్ పట్టాలు, పళ్లచక్రం తుడిచి కొత్త గ్రీజు పెట్టాలి, గ్రీజు ఇనుము మీదే, రబ్బరు మీద కాదు. కనెక్టర్లు ఊడదీసి చూస్తే పచ్చటి చిలుము ఉంటుంది, కాంటాక్ట్ క్లీనర్‌తో పోగొట్టించండి. కత్తెర రకం మెషిన్ అయితే దానికి బలమైన స్ప్రింగ్ ఉంటుంది, మెషిన్ చేతులు కదలకుండా బిగించకముందే మోటార్ విప్పితే ఆ ఇనుప చెయ్యి ఒక్కసారిగా లేచి వేళ్లు నలిపేస్తుంది, ఇది మాత్రం తెలిసినవాళ్ల చేతనే చేయించండి.

ఇక కార్పెట్. డోర్ ప్యాడ్ తీయగానే లోపల ఒక పాలిథిన్ షీటు డోర్‌కి నల్లటి జిగురుతో అంటించి ఉంటుంది, డోర్ లోపలికి దిగిన నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది అదొక్కటే. మోటార్ మార్చినతను దాన్ని చింపేసో, పక్కన పడేసో ప్యాడ్ బిగించేసి ఉంటాడు. ఆ పల్చటి షీటు చాలామందికి చెత్తలా కనిపిస్తుంది, నాకు బాధ కలిగేది అక్కడే. మందపాటి పాలిథిన్ అదే ఆకారంలో కత్తిరించి బ్యూటైల్ టేపుతో, అంటే మెత్తటి రబ్బరు జిగురు టేపుతో, చుట్టూ గట్టిగా అంటించండి, ముఖ్యంగా కింది అంచూ స్పీకర్ చుట్టూ. ఫెవిబాండ్, సెల్లోటేపు వేడికి ఊడిపోతాయి.

ప్రశ్న: మల్కాజిగిరి నుంచి సర్. నిరుడు సెకండ్ హ్యాండ్‌లో 2013 మోడల్ సెడాన్ కొన్నా, పిల్లలు ముచ్చటపడ్డారని సన్‌రూఫ్ ఉన్నదే చూసి తీసుకున్నాం. మొన్న వాన వెలిశాక బయటకి వెళ్తూ సిగ్నల్ దగ్గర బ్రేక్ వేయగానే పైన లైటు సందులోంచి చల్లటి నీళ్లు నా ఒళ్లో పడ్డాయి. ఒక వర్క్‌షాపులో సన్‌రూఫ్ సెట్టు మొత్తం మార్చాలన్నారు, చెప్పిన రేటు విని వచ్చేశా. ఇంకో షాపులో అద్దం చుట్టూ సందులు మూసే సిలికాన్ జిగురు పట్టించారు, నెలరోజులు బానే ఉంది, మళ్లీ మొదలైంది, ఇప్పుడు రూఫ్ తెరుచుకోవట్లేదు కూడా.

జవాబు: మన దగ్గర సన్‌రూఫ్ అంటే ఒకప్పుడు పెద్ద పెద్ద కార్లకే, 2012లో హోండా సిటీకి, 2015లో ఎక్స్‌యూవీ500కి, 2018లో క్రెటాకి వచ్చాక ఇంటింటికీ వచ్చేసింది. ఆ మొదటి కార్లన్నీ ఇప్పుడు మీలాగే రెండో చేతికి, మూడో చేతికి మారుతున్నాయి, కొన్నవాళ్లకి దీని సంగతి చెప్పేవాళ్లు లేరు, అందుకే ఈ జవాబు కొంచెం పొడుగు.

డోర్ గురించి పైన చెప్పిందే ఇక్కడా. సన్‌రూఫ్ అద్దం చుట్టూ ఉన్న రబ్బరు నీళ్లని చుక్క కూడా రాకుండా ఆపడానికి పెట్టింది కాదు, కొంత నీరు దాన్ని దాటి లోపలికి దిగుతుంది, అద్దం కింద చుట్టూ కాలవలాంటి తొట్టి ఉంటుంది, ఆ నీరు అందులో పడి నాలుగు మూలల్లో ఉన్న నాలుగు సన్నటి గొట్టాల్లోంచి కిందకి పోతుంది. ముందు రెండూ ముందు అద్దం పక్క స్తంభాల్లోంచి దిగి ముందు డోర్ కీళ్ల దగ్గరో ఫెండర్ లోపలో బయటపడతాయి, వెనక రెండూ వెనక స్తంభాల్లోంచి దిగి వెనక చక్రాల దగ్గర. గొట్టం పెన్సిలంత లావుంటుంది, అంతే. అది పూడుకుంటే తొట్టి నిండుతుంది, మీరు బ్రేక్ వేయగానే నిండిన నీళ్లన్నీ ముందుకి ఒరిగి, తక్కువ ఎత్తున్న చోటు చూసుకొని లైటు సందులోంచి మీ ఒళ్లో పడ్డాయి. బ్రేక్ వేసినప్పుడు నీళ్లు పడ్డాయంటే నా అనుభవంలో ముందు గొట్టాలు మూసుకుపోయినట్టే.

పరీక్ష చాలా తేలిక. రూఫ్ తెరిచి, ముందు మూలలో తొట్టి కనిపిస్తుంది, టీ గ్లాసుడు నీళ్లు నెమ్మదిగా అక్కడ పోయండి, ఇంట్లో ఇంకొకళ్లని కింద చక్రం దగ్గర గొంతుక్కూర్చుని చూడమనండి. నాలుగైదు సెకన్లలో కింద ధార కనపడాలి. కనపడకుండా తొట్టిలో నీళ్లు అలాగే నిలిచి, ఒక ఎండుటాకు తేలుతూ తిరుగుతుంటే అదీ సంగతి. నాలుగు మూలలూ విడివిడిగా చూడాలి, ఒకటి బాగుందని రెండోది వదిలేయొద్దు. మీ రూఫ్ ఇప్పుడు తెరుచుకోవట్లేదు కాబట్టి ముందు ఆ సిలికాన్ తీయించాలి, ప్లాస్టిక్ గరిటెతో మెల్లగా గీకితే వస్తుంది, కత్తి పెడితే రబ్బరు తెగుతుంది. సిలికాన్ పూడ్చింది ఏంటంటే నీళ్లొచ్చే దారి ఒకటి, అద్దం కదిలే దారి ఒకటి, నీళ్లు పోయే దారి మాత్రం మూసుకుపోయే ఉంది. అది అలా బిగుసుకుని ఉండగా స్విచ్ నొక్కుతూ ఉంటే మోటార్ కేబుళ్లు పళ్లు జారతాయి, అప్పుడు నిజంగానే సెట్టు మార్చాల్సొస్తుంది, కాబట్టి అప్పటిదాకా స్విచ్ ముట్టుకోకండి.

గొట్టం తీయడానికి గడ్డి కోసే మెషిన్‌లో వాడే నైలాన్ దారం ఉంటుంది చూడండి, 2 మిల్లీమీటర్లది, దాని కొస నిప్పుకి చూపించి గుండ్రంగా చేసి, మెల్లగా తిప్పుకుంటూ పైనుంచి దింపండి. ఎక్కడైనా ఆగితే బలవంతం చేయకుండా వెనక్కి లాగి మళ్లీ దింపాలి. ఇనుప తీగ వద్దు, గొట్టం చిరుగుతుంది. కంప్రెసర్ గాలి అసలే వద్దు, షాపుల్లో ఠక్కున అదే పెడతారు, ఆ వేగానికి గొట్టం తొట్టి నుంచి ఊడిపోతుంది, ఊడింది కంటికి కనపడదు, రూఫ్ లైనింగ్ వెనక ఉంటుంది, ఆ తర్వాత వానకి నీళ్లన్నీ నేరుగా లైనింగ్‌లోకే. కొన్ని కార్లకి గొట్టం కింది కొసన చీలిక ఉన్న రబ్బరు మూతి ఉంటుంది, అందులో మట్టి పట్టి అతుక్కుపోతుంది, దాన్ని వేళ్లతో నలిపి కడిగితే చాలు.

మా అపార్ట్‌మెంట్‌లో మా పైఫ్లోర్ వాళ్ల కారు రోజూ కానుగ చెట్టు కిందే ఆగుతుంది. ఏప్రిల్, మేలో కానుగ పూలు మరమరాలు పోసినట్టు రాలతాయి, నీడ మంచిదే, వదులుకోమని చెప్పను. నిరుడు వాళ్ల సన్‌రూఫ్ తెరిచి చూస్తే తొట్టి పొడవునా ఆ పూలు కుళ్లి నల్లటి పొగాకులా ముద్దగా ఉన్నాయి, చెంచాతో తీస్తే గుప్పెడు వచ్చింది. గొట్టం నోటి దగ్గర దుమ్మూ పూలూ కలిసి బిరడా బిగించినట్టు ఉంది. తీశాక పోసిన నీళ్లు గడగడమని దిగిపోయాయి. ఇప్పుడు ఆయన వానల ముందు ఒకసారి, దసరాకి ఒకసారి తడిగుడ్డతో తొట్టి తుడుస్తారు, అంతే, మళ్లీ చుక్క పడలేదు.

నాలుగు గొట్టాలూ బాగుండి కూడా కారుతుంటే అప్పుడు వేరే చోట వెతకాలి. రూఫ్ మీద యాంటెన్నా అడుగు రబ్బరు, ముందు అద్దం ఎప్పుడైనా మార్పించి ఉంటే దాని చుట్టూ ఉన్న జిగురు, రూఫ్ అంచుల్లో ఉన్న సీలెంట్ పగుళ్లు, ఇవన్నీ సన్‌రూఫ్ పేరు మీదే పోతుంటాయి.

ప్రశ్న: విశాఖ నుంచి అండీ. ముందు ఎడమ సీటు కింద కాళ్లు పెట్టే చోట ఎప్పుడూ తడిగా ఉంటోంది. సన్‌రూఫ్ ఉంది. ఎక్కడినుంచి వస్తోందో తెలియట్లేదు.

జవాబు: ఎప్పుడు తడుస్తోందో ముందు గమనించండి. వాన లేని రోజు ఏసీ వేసుకొని తిరిగితేనే తడిస్తే, వాసన లేని మామూలు నీళ్లయితే, అది ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోవడం, కారు ఆపినప్పుడు కింద నీటి చుక్కలు పడట్లేదని కూడా మీరే చూడొచ్చు. తడి జిగటగా ఉండి తియ్యటి వాసనేస్తూ, కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతుంటే హీటర్ కారుతోంది, అది ఆలస్యం చేయకండి, ఇంజన్ వేడెక్కిపోతుంది. వాన పడితేనే తడిస్తే మూడు అనుమానాలు, సన్‌రూఫ్ ముందు గొట్టం, వైపర్ల కింద జాలీలో పేరుకున్న ఆకులు, డోర్ లోపలి షీటు. పై జవాబుల్లో చెప్పిన గ్లాసు నీళ్ల పరీక్ష ఒక్కో చోట చేస్తూ పోతే ఏదో ఒకటి బయటపడుతుంది.

ఒకటి మాత్రం మర్చిపోకండి, పైన కార్పెట్ ఆరిపోయినట్టే ఉంటుంది, దాని కింద స్పాంజి వారాల తరబడి నీళ్లు పట్టుకొని ఉంటుంది. వైర్ల కట్టలు, కొన్ని కార్లకి కంట్రోల్ యూనిట్లు కూడా ఆ స్పాంజి పక్కనే ఉంటాయి. సీటు విప్పించి కార్పెట్ పైకెత్తి, స్పాంజి నొక్కి చూడండి, నీళ్లు వస్తే బయటకి తీసి ఎండబెట్టాల్సిందే. మీది ఉప్పుగాలి ఊరు కూడా, కనెక్టర్లు త్వరగా చిలుము పడతాయి.

ప్రశ్న: అంకుల్, మేం న్యూజెర్సీలో ఉంటాం. చలికాలం పొద్దున్నే స్విచ్ నొక్కితే అద్దం కదల్లేదు, మళ్లీ నొక్కితే ఠప్ మని చప్పుడొచ్చి అద్దం లోపలికి పడిపోయింది.

జవాబు: అద్దం రబ్బరుకి గడ్డకట్టి అతుక్కుపోయింది బాబూ, మోటార్ లాగితే అద్దం రాక, అద్దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ క్లిప్పు విరిగింది. చలికాలం మొదలవ్వకముందే చానల్స్ శుభ్రం చేసి పొడిగా ఆరాక సిలికాన్ కొట్టుకో. గడ్డకట్టిన రోజు హీటర్ వేసి పది పదిహేను నిమిషాలు ఆగు, వేడినీళ్లు మాత్రం పోయొద్దు, అద్దం పగులుతుంది. సన్‌రూఫ్ ఉంటే మంచు కరిగేదాకా దాని స్విచ్ కూడా ముట్టుకోకు.

ప్రశ్న: సూర్యాపేట దాటాక హైవే మీద వానలో మా అద్దం డోర్ లోపలికి పడిపోయింది, రాత్రి పూట, ఏం చేయాలో తోచలేదు. అలాంటప్పుడు ఏం చేయాలి?

జవాబు: రోడ్డు పక్కన సురక్షితమైన చోట ఆపి, అద్దం అంచు కొంచెమైనా కనపడుతుంటే రెండు అరచేతులూ లోపలా బయటా అద్దానికి గట్టిగా ఆన్చి మెల్లగా పైకి జరపండి, ఇంకొకళ్లు వెడల్పాటి టేపు అద్దం మీదనుంచి డోర్ ఫ్రేమ్ పైగా లోపలివైపుకి అంటించాలి, రెండు మూడు చోట్ల. తడి మీద టేపు అంటదు, ముందు తుడవండి. పూర్తిగా లోపలికి పోతే చెయ్యి పెట్టి వెతక్కండి, రేకు అంచులు కోస్తాయి, పాలిథిన్ కవర్ డోర్ మూతలో ఇరికించి వచ్చేయండి. ఆ స్విచ్ ఇంకెవరూ నొక్కకుండా లాక్ చేయండి, కేబుల్ చిక్కుపడితే మెషిన్ మొత్తం పోతుంది.

ప్రశ్న: కర్నూలు నుంచి. బ్యాటరీ మార్చాక డ్రైవర్ అద్దం ఒక్క నొక్కుతో పైదాకా వెళ్లట్లేదు, సన్‌రూఫ్ సగంలో ఆగుతోంది. బ్యాటరీ వేసినతను సెన్సార్ పోయిందంటున్నాడు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఏమైనా ప్రమాదమా?

జవాబు: సెన్సార్ పోలేదు, బ్యాటరీ తీయగానే అద్దం పైకొస ఎక్కడుందో కారు మర్చిపోయింది, మళ్లీ నేర్పించాలి. చాలా కార్లలో అద్దం పూర్తిగా ఎత్తి, ఎత్తాక కూడా స్విచ్ వదలకుండా కొన్ని సెకన్లు పట్టుకుంటే సరిపోతుంది, సన్‌రూఫ్‌కి కూడా మూసే వైపు స్విచ్ పట్టుకొని ఉంచితే అది ఒకసారి కదిలి ఆగుతుంది. ఏ కారుకి ఎన్ని సెకన్లో యజమాని పుస్తకంలో ఉంటుంది, అందులో ఉన్నట్టే చేయండి.

పిల్లల సంగతి అడిగారు, మంచిపని చేశారు. అడ్డం తగిలితే అద్దం వెనక్కి దిగే ఏర్పాటు అన్ని పాత కార్లకీ లేదు, ఉన్నవాటిలో కూడా ఇలా నేర్పించకపోతే కొన్నిట్లో పనిచేయదు. పైగా ఇప్పటిదాకా బిగుసుకుపోయి నెమ్మదిగా ఎక్కిన అద్దం, చానల్ శుభ్రం చేశాక వేగంగా, బలంగా ఎక్కుతుంది, పిల్లలకి పాత వేగమే అలవాటై ఉంటుంది. పిల్లలు వెనక కూర్చున్నంతసేపూ డ్రైవర్ దగ్గరున్న విండో లాక్ నొక్కి ఉంచండి, సన్‌రూఫ్‌లోంచి నిలబడి చూస్తామంటే ఆపేయండి. మీ కారుకి ఆ వెనక్కి దిగే ఏర్పాటు ఉందో లేదో తెలుసుకోవాలంటే న్యూస్‌పేపర్ లావుగా చుట్టి అద్దం దారిలో పెట్టి స్విచ్ నొక్కండి, చెయ్యి పెట్టి మాత్రం చూడకండి. పేపర్ నలిగిపోయి అద్దం వెనక్కి దిగకపోతే లేనట్టే లెక్క, ఆ రోజు నుంచి లాక్ తీయొద్దు.